మృగమూ, మీనమూ, కటకమూ

ఛాయాచిత్రకళ జన్మించిన తొలినాళ్ళలో కదిలే ప్రాణికి అందులో చోటు లేదు. 1838లో పారిస్ నగరంలో డగేర్ ఒక మేడ కిటికీ నుండి తాంప్ల్ రాజవీథిని చిత్రించినాడు. బండ్లతో, గుర్రాలతో, పాదచారులతో పట్టపగలు కిటకిటలాడే వీథి అది. అయినా పలకపై ఆ సందడి ఏదీ నిలువలేదు. వెలుగు పలకపై ముద్రపడడానికి నిమిషాలు పట్టినది. అంతసేపు ఒకచోట నిలువని ప్రతిదీ ఆవిరివలె మాయమైనది. ఒక మూల బూట్లకు మెరుగు పెట్టించుకుంటూ కదలక నిలిచిన మనిషి ఒక్కడు మాత్రం ఆ నిర్మానుష్యమైన వీథిలో మిగిలినాడు. ఛాయాచిత్రంలో దొరికిన మొట్టమొదటి మనుష్యులలో ఆ అజ్ఞాతవ్యక్తిని చెప్పుకుంటారు. నిలువమంటే నిలిచే మనిషి సంగతే ఇట్లుండగా, పులి మాట ఏమి? తొట్టిలోని చేప మాట ఏమి?

అడవిమృగాన్నీ, నీటిలోని మీనాన్నీ చిత్రించిన చరిత్ర అంతా మూడు కొరతలతో జరిగిన పెనుగులాట. చాలినంత వేగం లేకపోవడం ఒకటి, చాలినంత వెలుగు లేకపోవడం రెండవది, చాలినంత చేరువ లేకపోవడం మూడవది. నేడు దుకాణపు అద్దాల బీరువాలలో వరుసగా కనిపించే కటకాలన్నీ, అనగా మనం వాడుకలో లెన్సులని పిలిచేవన్నీ, ఈ మూడు కొరతలలో ఒకదానిని తీర్చడానికి మరొక దానిని వెచ్చించినవే. ఏ కటకం దేనిని తీర్చి దేనిని వెచ్చిస్తున్నదో తెలిసినవారు తమ పైకాన్ని తెలివిగా ఖర్చు చేయగలరు. ఈ చరిత్రను ఒకసారి తిరగవేయడంలో ప్రయోజనం అదే.

కదిలే మృగం చిత్రానికి చిక్కదు గనుక మొదటి చిత్రకారులు కదలని మృగాన్ని వెదకినారు. నైలునది నుండి తెచ్చిన ఒబేష్ అనే నీటియేనుగు 1850లో లండన్‌లోని రీజెంట్స్ పార్కు జంతుప్రదర్శనశాలకు చేరినది. 1852లో మాంటిజోన్ ప్రభువు దానిని చిత్రించినాడు. ఆ చిత్రంలో ఒబేష్ నేలపై వాలి హాయిగా నిద్రపోతున్నది. వెనుక కటకటాల నడుమ నుండి జనం తొంగిచూస్తున్నారు. బోనులో ఉన్నది ఎవరో చెప్పడం కష్టమనిపించే చిత్రం అది. మృగం నిద్రపోయినది గనుక వేగం సమస్య తీరినది. బంధింపబడినది గనుక దూరం సమస్య తీరినది.

నిద్రకన్న నిశ్చలమైనది మరణం. సికింద్రాబాదులో చిత్రశాల నడిపి, ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖానుకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై రాజా బిరుదు పొందిన దీనదయాళు పేరు మనవారికి సుపరిచితమే. 1902లో వరంగల్లు ప్రాంతపు నెక్కొండలో కర్జన్ ప్రభువు ఆడిన పులివేట జ్ఞాపకంగా ఆ చిత్రశాల తీసిన చిత్రాలు మిగిలి ఉన్నవి. నేలపై చాపిన పులి, దాని వెనుక రాజప్రతినిధి దంపతులు. చిత్రంలో వెలుగు ఎంతో నాణ్యంగా ఉన్నది, పులి వెంట్రుకలు సైతం స్పష్టంగా ఉన్నవి. కెమేరాకూ పులికీ మధ్య దూరాన్ని మాత్రం తుపాకిగుండు ముందే కొలిచిపెట్టినది. ఈ నెక్కొండ పులిని శ్రోతలు గుర్తుంచుకోవాలని కోరుతాను.

మూడు కొరతలలో మొదట తీరినది వేగం. 1871లో మాడాక్స్ అనే ఆంగ్ల వైద్యుడు జెలటిన్ పూసిన పొడిపలకకు మార్గం చూపినాడు. అంతకుముందు పలకను తడిగా ఉండగానే వాడవలసివచ్చేది గనుక అడవికి పోవడమంటే చీకటిగదినీ వెంట మోసుకొనిపోవడమే. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ పరుగుపందెపు బాటవెంట 12 కెమేరాలు నిలిపి, గుర్రపు డెక్కలు దారాలను తెంపినకొద్దీ షట్టర్లు పడునట్లు ఏర్పాటుచేసినాడు. పరుగులో ఒక్క క్షణం గుర్రపు నాలుగు కాళ్ళూ నేలను విడుస్తవని అందులో తేలినది. నాలుగేండ్ల తరువాత, 1882లో, ఫ్రెంచి శరీరధర్మశాస్త్రజ్ఞుడు మారే ఒక విచిత్రమైన తుపాకిని చేయించినాడు. అందులో గుండ్లు లేవు. ఎగిరే పక్షిపై గురిపెట్టి మీట నొక్కితే సెకనుకు 12 చిత్రాలు వస్తవి. ఒక్కొక్క చిత్రానికి పట్టిన కాలం సెకనులో 720వ వంతు.

వేగం వచ్చినా చేరువ రాలేదు. దానికి రెండు త్రోవలు కనిపించినవి: మనిషి మృగానికి దగ్గరగా పోవడం, లేదా మనిషి దూరంగానే ఉండి కటకాన్ని పొడిగించడం. మొదటి త్రోవ పట్టినవారు ఇంగ్లండు యార్క్‌షైరులో పుట్టిన కియర్టన్ సోదరులు. 1892లో తమ్ముడు చెర్రీ ఒక పక్షిగూటిని గ్రుడ్లతో సహా చిత్రించగా, అన్న రిచర్డ్ రచనకు అటువంటి చిత్రాలు తోడై 1895లో బ్రిటిష్ పక్షిగూళ్ళపై పుస్తకం వెలువడినది. పక్షులు బెదరకుండా ఉండడానికి వారు చేయని ఉపాయం లేదు. 1900 ప్రాంతంలో లోపల డొల్లగా ఉన్న ఎద్దుబొమ్మను చేయించి, మనిషి కెమేరాతో సహా దాని కడుపులో దూరి గంటలకొలది నిలువవలసిన ఏర్పాటుచేసినారు. ఈనాడు పక్షిచిత్రకారులు వాడే ఆకుపచ్చ గుడారాలకు ఆ ఎద్దు తాత వంటిది.

రెండవ త్రోవకు 1891లో ద్వారం తెరచుకొన్నది. ఇంగ్లండులో డాల్మేయర్, జర్మనీలో మీతె, స్టెయిన్‌హైల్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దూరకటకాన్ని రూపొందించినారు. ముందు కుంభాకార కటకాన్నీ వెనుక పుటాకార కటకాన్నీ అమర్చడంవల్ల గొట్టం పొట్టిగా ఉండి కూడ నాభ్యంతరం పెద్దదైనది. నాభ్యంతరం ఎంత పెద్దదైతే దూరపు వస్తువు చిత్రంలో అంత పెద్దదిగా పడుతుంది.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడడం మంచిది. మన చెరువుగట్లపై కనిపించే లకుముకిపిట్ట పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. 20 మీటర్ల దూరంలో ఉన్న ఆ పిట్టను సాధారణమైన 50 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే, 36 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిల్ముపై దాని బొమ్మ ఒక మిల్లీమీటరైనా ఉండదు. 400 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే ఐదున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. ఎనిమిదింతలు పెరిగినా చిత్రంలో ఆరవవంతును కూడ పిట్ట నింపదు. అదే కటకంతో 5 మీటర్లకు చేరగలిగితే బొమ్మ 22 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అనగా డాల్మేయర్ కటకం వచ్చినంతమాత్రాన కియర్టన్‌ల ఎద్దు అనవసరం కాలేదు. ఎంత పొడవైన కటకం కొన్నా మరుగున కూర్చుండే ఓపిక దానితోపాటు దుకాణంలో దొరకదు.

పైగా పొడవుకు వెల వెలుగుతో చెల్లించాలి. కటకంపై ఎఫ్ అనే అక్షరం ప్రక్కన ఉండే అంకె, నాభ్యంతరాన్ని వెలుగు వచ్చే రంధ్రపు వ్యాసంతో భాగించగా వచ్చినది. 400 మిల్లీమీటర్ల కటకానికి ఎఫ్ 5.6 కావాలంటే రంధ్రం 71 మిల్లీమీటర్లు ఉంటే చాలును. ఎఫ్ 2.8 కావాలంటే 143 మిల్లీమీటర్లు కావాలి. వెలుగు నాలుగురెట్లు వస్తుంది గాని అద్దం బరువూ ధరా అనేక రెట్లు పెరుగుతవి. దుకాణంలో రెండు 400ల కటకాల ధరలు భూమ్యాకాశాలవలె ఉండడానికి కారణం ఇదే.

ఇక వెలుగు. అడవిమృగాలలో పెక్కు రాత్రించరాలు. అమెరికా శాసనసభ్యుడు జార్జి షైరస్ మొదట వేటగాడు. పడవ ముందు దివిటీ వెలిగించి, ఆ వెలుగుకు మ్రాన్పడి చూచే జింకను కొట్టే పద్ధతి అక్కడి ఆదిమజాతులది. షైరస్ ఆ పద్ధతినే నిలుపుకొని, తుపాకి స్థానంలో కెమేరానూ మెగ్నీషియం మెరుపునూ పెట్టినాడు. బాటకు అడ్డంగా తీగ కట్టి మృగమే తన చిత్రాన్ని తానే తీసుకొనునట్లు కూడ చేసినాడు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906 జూలైలో ఆయన చిత్రాలను 74 ప్రచురించినది. దాదాపు ఆ కాలంలోనే తూర్పు ఆఫ్రికాలో జర్మన్ దేశీయుడు షిల్లింగ్స్ సింహాలనూ జీబ్రాలనూ రాత్రివేళ చిత్రించినాడు.

ఆ తీగ మన దేశానికి వచ్చి గొప్ప ఫలితం ఇచ్చినది. సంయుక్తరాష్ట్రాల అటవీశాఖలో పనిచేసిన ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ వేటను ఇష్టపడని అధికారి. పులి నడచే త్రోవలను అడుగుజాడలనుబట్టి గుర్తించి, సన్నని తీగలు కట్టి, కెమేరాలు అమర్చి ఇంటికి పోయేవాడు. రాత్రి పులి వచ్చి తీగను త్రొక్కితే ఒక్క మెరుపు, ఒక్క చిత్రం. కొన్ని రాత్రులు ఏదీ రాదు. ఆ చిత్రాలతో 1927లో ఒకటి, 1934లో ఒకటి పుస్తకాలు వెలువడినవి. ఆ చిత్రాలలో పులి సజీవంగా, తన పనిమీద తాను నడిచిపోతూ కనిపించినది. అంతకంటె ముఖ్యం, ఏ రెండు పులుల చారలూ ఒక్కటి కావనీ, చారలనుబట్టి పులిని పోల్చవచ్చుననీ చాంపియన్ గ్రహించినాడు. జిమ్ కార్బెట్ కెమేరా పట్టడానికి ప్రేరణ ఇచ్చినవాడు కూడ ఆయనే.

ఈ ఒక్క సూక్ష్మం తరువాతి కాలంలో శాస్త్రమైనది. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఉల్లాస కారంత్ స్వయంచాలక కెమేరాల చిత్రాలలోని చారలనుబట్టి పులులను లెక్కించే పద్ధతిని అనుసరించి 1995లో ఫలితాలు ప్రకటించినాడు. 2018 నాటి దేశవ్యాప్త గణనలో 26,838 స్థలాలలో కెమేరాలు పెట్టగా మూడుకోట్ల నలుబదియెనిమిది లక్షలకు పైగా చిత్రాలు వచ్చినవి. వాటిలో పులుల చిత్రాలు 76,651. వాటినుండి 2,461 పులులను విడివిడిగా గుర్తించినారు. మన నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ అడవులలోని పులుల లెక్క కూడ ఈ విధంగానే తేలుతున్నది. నెక్కొండలో పులి చనిపోయిన తరువాత చిత్రానికి ఎక్కినది. నల్లమలలో నేడు అది బ్రతికి ఉన్నదనడానికి చిత్రమే సాక్ష్యం.

మృగాన్ని విడిచి మీనం వద్దకు వద్దాము. 1853లో రీజెంట్స్ పార్కులోనే తొలి ప్రజామత్స్యశాల తెరచినారు. మరునాడే అన్నట్లు 1854లో ఫిలిప్ గాస్ అక్వేరియంపై పుస్తకం వ్రాయగా ఇంటింటా గాజుతొట్టి పెట్టడం ఇంగ్లండులో వేలంవెఱ్ఱి అయినది. చిత్రకారునికి ఇక్కడ సమస్య తారుమారైనది. చేప మూరెడు దూరంలోనే ఉన్నది; పారిపోవడానికి చోటూ లేదు. అడ్డు అంతా గాజూ, నీరూ, మసకవెలుగూ.

సముద్రంలోకి దిగినవారి పాట్లు ఇంకా పెద్దవి. 1893లో ఫ్రాన్సు మధ్యధరాతీరాన బన్యూల్స్ వద్ద లూయీ బూతాన్ అనే జీవశాస్త్రజ్ఞుడు, తన సోదరుడు రూపొందించిన నీరుచొరని పెట్టెలో కెమేరాను పెట్టి అడుగుకు దిగినాడు. వెలుగు చాలక ఒక్కొక్క చిత్రానికి అరగంట వరకు పట్టినది. అంతట పీపాపై సారాదీపాన్ని నిలిపి, దానిపై రబ్బరుతిత్తితో మెగ్నీషియంపొడి చల్లి నీటిలో మెరుపు పుట్టించినాడు. 1926లో అమెరికావారు లాంగ్లీ, మార్టిన్ ఫ్లారిడా సముద్రంలో చేపను రంగులలో చిత్రించినప్పుడు తెప్పపై మెగ్నీషియంపొడిని పెద్దయెత్తున పేల్చవలసివచ్చినది. 1960 ప్రాంతంలో బెల్జియం ఇంజనీరు ద వౌటర్స్, కూస్తో బృందంకోసం రూపొందించిన కాలిప్సో కెమేరాకు పెట్టెతో పని లేదు. అది తానే నీటిని చొరనీయదు. 1963 నుండి నికాన్ సంస్థ దానిని నికోనాస్ పేరుతో తయారుచేసి 2001 వరకు అందించినది.

ఇంటిలోని గాజుతొట్టికి అంత సన్నాహం అక్కరలేదు గాని నీటి స్వభావం తెలియాలి. గాజుకు 40 సెంటీమీటర్ల లోపల ఉన్న చేప బయటివారికి 30 సెంటీమీటర్లలోనే ఉన్నట్లు కనిపిస్తుంది. నీటి వక్రీభవనం అటువంటిది. కటకం కూడ మన కన్నువలెనే మోసపోతుంది గనుక టేపుతో కొలిచి దూరం పెట్టరాదు, కంటితో చూచి స్పష్టత సరిచేయాలి. గాజుకు ఏటవాలుగా చూస్తే ఒక్కొక్క రంగు ఒక్కొక్క మేర వంగి బొమ్మ అంచులు రంగులుగా చెదరుతవి. కనుక కటకం గాజుకు లంబంగా ఉండాలి. కటకం మూతికి రబ్బరు తొడుగు వేసి గాజుకు ఆనించితే మన ముఖం, మన చొక్కా, గదిలోని దీపం చిత్రంలోకి రావు. మెరుపుదీపం వాడితే అది కెమేరాపై ఉండరాదు, తొట్టిపైన ఉండాలి. ప్రదర్శనశాలలలో దీపం వాడవద్దని వ్రాసి ఉన్నచోట వాడనే కూడదు.

చిన్న చేపలకు సమీపకటకం కావాలి. ఈ తరగతికి ఆద్యమని చెప్పదగిన మాక్రో కిలార్ 1955లో వెలువడినది. దాని నాభ్యంతరం 40 మిల్లీమీటర్లు. వస్తువు ఎంత ఉన్నదో బొమ్మ కూడ అంతే ఉండునట్లు తీయగలిగితే మూడు సెంటీమీటర్ల గప్పీ చేప చిత్రాన్ని దాదాపు నింపుతుంది. ఇక్కడ కూడ వెల ఉన్నది: అంత చేరువలో ఫిల్ముపై పడే వెలుగు నాలుగవవంతుకు తగ్గుతుంది, స్పష్టంగా ఉండే లోతు ఎంతో తక్కువ. కనుక రంధ్రాన్ని ఎఫ్ 8కో 11కో తగ్గించి, ఆ లోటును దీపంతో పూరించాలి.

ఇంతవరకు కటకాల మాట. మరి కెమేరా? 1925లో వెలువడిన లైకా అరచేతిలో ఇమిడే అద్భుతమే గాని, దానిలో చూచే కన్ను వేరు, చిత్రించే కన్ను వేరు. దూరపు కొండకు అది చాలును. చేరువలోని చేపకు తల తెగిపోయే ప్రమాదమున్నది. చిత్రించే కటకంలో నుండే చూడడానికి దర్పణం కావాలి. 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో అటువంటి దర్పణ కెమేరా ఎగ్జాక్టా 1936లో డ్రెస్‌డెన్‌లో వచ్చినది. 1954లో జపానుదేశపు అసాహిఫ్లెక్స్‌లో, చిత్రం పడగానే దర్పణం తనంత తానే యథాస్థానానికి వచ్చే ఏర్పాటు జరిగినది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ అనేక కటకాలతో ఒక సంపూర్ణ పరివారంగా నిలిచినది. 1985లో మినోల్టా 7000 స్పష్టతను యంత్రమే సరిచూచుకొనే పద్ధతిని ఇంటింటికి తెచ్చినది. 1995లో చేతివణుకును సరిదిద్దే కటకాన్ని కానన్ విడుదలచేసినది. 2008 నుండి దర్పణమే లేని డిజిటల్ కెమేరాలు వచ్చినవి. వాటిలో చప్పుడు లేకుండా చిత్రం తీయవచ్చును. లేడికి అంతకుమించిన మేలు లేదు.

అయితే పనిముట్టు క్రొత్తదనమే సర్వస్వం కాదనడానికి మన పొరుగున మద్రాసులో ఎం. కృష్ణన్ ఉండేవారు. 1996లో కీర్తిశేషులైన ఆ ప్రకృతిశాస్త్రవేత్త, వేర్వేరు భాగాలను తామే కూర్చి చేసుకొన్న బరువైన కెమేరాకు సూపర్ పాండెరోసా అని హాస్యంగా పేరు పెట్టుకొన్నారు. దానితోనే దక్షిణదేశపు ఏనుగులను నలుపుతెలుపులలో చిత్రించినారు. ఏనుగు ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఆయనకు తెలుసును. ఆ తెలివి ఏ కెమేరాతోనూ రాదు.

ఇక కొనదలచినవారు మొదట కెమేరా పేరు అడుగవద్దు. తాము చిత్రింపదలచిన ప్రాణి ఎంత దూరంలో మనలను సహిస్తుందో ముందుగా కొన్ని ఉదయాలు చూచి తెలుసుకోవాలి. ఆ దూరమే కటకాన్ని నిర్ణయిస్తుంది, కటకాన్నిబట్టి కెమేరా వస్తుంది. పెరటిపక్షులకు మరుగు ఉంటే 300 మిల్లీమీటర్లు చాలును. నేలపట్టు, పులికాట్, కొల్లేరు వంటిచోట్ల నీటిపక్షులకు 400 నుండి 600 వరకు కావాలి. గాజుతొట్టికి 60 నుండి 100 మిల్లీమీటర్ల సమీపకటకం సరిపోతుంది. చిన్న గ్రాహకం గల డిజిటల్ కెమేరాలో 300ల కటకం సుమారు 450ల దానివలె పనిచేస్తుంది గనుక మితమైన పైకంతో మొదలుపెట్టేవారికి అది లాభమే. పైకం కొద్దిగా ఉన్నప్పుడు కెమేరాపై తగ్గించి కటకంపై పెట్టడం మంచిది: కెమేరాలు నాలుగేండ్లలో పాతబడతవి, మంచి కటకం తరానికి నిలుస్తుంది. పొడవైన కటకానికి ముక్కాలిపీట గాని, జీపు కిటికీపై పెట్టే బియ్యపుసంచి గాని తప్పనిసరి.

ఒక్క హెచ్చరిక మిగిలినది. 1937లో ఇంగ్లండు పక్షిచిత్రకారుడు ఎరిక్ హాస్కింగ్ రాత్రివేళ గుడ్లగూబ గూటి సమీపానికి పోగా ఆ పక్షి గోళ్ళకు ఆయన ఎడమకన్ను పోయినది. ఆయన గుడ్లగూబను నిందించక ఒంటికంటితోనే జీవితాంతం పక్షులను చిత్రించినాడు. అన్ని పక్షులూ అట్లా తిరుగబడవు. పెక్కు పక్షులు గూటిని విడిచి ఊరకే వెళ్ళిపోతవి. గ్రుడ్లు చల్లారిపోతవి, ఆ సంగతి మన చిత్రంలో కనిపించదు. గూటికి అడ్డమైన కొమ్మను విరిచి తీసిన చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా నెక్కొండ చిత్రానికి చుట్టమే అవుతుంది. పొడవైన కటకానికి మనం ఇచ్చే వెలలో కొంతభాగం ఆ ప్రాణిని దాని దూరంలో దానిని ఉండనిచ్చినందుకు అనుకొని ఇవ్వవలసినదే.